‘బలగం’ ఎవరికి?

వేణు ఎల్దండి తీసిన ‘బలగం’ 2023 మార్చిలో విడుదలైంది. ఉత్తర తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు, చూసి ఏడ్చారు. మాటలు మానుకున్న అన్నదమ్ములు మళ్లీ కలుసుకున్నారని పత్రికలు రాశాయి. ఒక కళారూపం ఇంతమందిని కదిలించినప్పుడు విమర్శకుడు పెదవి విరిచి ఊరుకోవడం బాధ్యత అనిపించుకోదు. ప్రజలు ఏడ్చారు కాబట్టి ఇక ప్రశ్నలు వద్దనడమూ బాధ్యత కాదు. ముసలివాళ్ల పట్ల మన సమాజపు వైఖరిని ఈ సినిమా ఎంతవరకు పట్టుకుంది, ఎక్కడ ఆగిపోయింది అన్నది పరిశీలించాలి.

కథ తెలిసిందే. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. మనవడు సాయిలు అప్పుల్లో మునిగి ఉన్నాడు. పెళ్లికొచ్చే కట్నంతో అవి తీర్చుకోవాలని అతని ఆశ. తాత చావు అతనికి మొదట అడ్డంకిగానే తోస్తుంది. కొడుకులకు పడదు, అల్లుడు ఇరవై ఏళ్లుగా గడప తొక్కలేదు. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఇంటిల్లిపాదీ ఒక్కటైన తర్వాతే ముడుతుంది.

ఈ కాకి కేవలం మూఢనమ్మకమని కొట్టివేస్తే సినిమా బలం అర్థం కాదు. బతికున్నన్నాళ్లు ఎవరూ చెవిన పెట్టని మనిషి, చచ్చాక కాకి రూపంలో తన అసమ్మతి తెలియజేస్తున్నాడు. ముసలివాళ్లకు మన సమాజం మిగిల్చిన అధికారం ఆ పదకొండు రోజుల అధికారమేనన్న సత్యం ఇందులో ఉంది. సాయిలు అప్పును దాచకుండా చూపడం, ఇక్కడి మాటను వెక్కిరింతకు కాక మనుషుల మాటగా వాడటం దర్శకుని విజయాలు.

అయితే ఆ సత్యం దగ్గరే సినిమా ఆగిపోయింది. బతికున్న ముసలి మనిషికి తిండి, మందు, పనినుంచి విరామం ఎక్కడినుంచి వస్తాయన్న ప్రశ్న దానికి పట్టలేదు. చచ్చిన మనిషి చుట్టూ అందరూ చేరారా లేదా అన్నదే దాని ప్రశ్న. కొమురయ్యకు ఇల్లుంది, కొడుకులున్నారు, అల్లుడున్నాడు. బలగం ఉన్నవాడికి బలగం చెదరడం విషాదం. అసలు బలగమే కూలికోసం దేశాలు పట్టిపోయిన చోట ఏమిటన్నది మన ప్రశ్న.

నిర్మల్ పట్టణంలో, చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి ముందర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లను చూడండి. తునికాకు తడపాలి, కత్తిరించాలి, తంబాకు నింపి చుట్టాలి, దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఈ పనిలో ముసలితనం అరవయ్యో ఏట రాదు. చూపు మందగించి, వేళ్లు వంగక, వెయ్యి చుట్టే చెయ్యి ఐదువందల దగ్గర ఆగిపోయిన రోజున వస్తుంది. వార్ధక్యం శరీరానికి సంబంధించిన విషయం మాత్రమే కాదని, మనిషి శ్రమను వ్యవస్థ వాడుకున్న తీరే దాన్ని నిర్ణయిస్తుందని సిమోన్ ద బోవా 1970లోనే ఒక గ్రంథం రాసి చూపింది. ఆ మాటకు రుజువు ఈ చాటలోనే ఉంది.

ఇలాంటి తల్లి కొడుకు చాలాసార్లు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. అతను తల్లిని వదిలేసినవాడు కాదు, తల్లిని సాకడానికే పోయినవాడు. ఈ ఇంట కాకి ముట్టకపోతే ఆ తప్పు ఎవరిది? ‘బలగం’లోనూ ఒక కొడుకు సూరత్‌లో ఉంటాడు. బతుకుదెరువు లేక సూరత్, భివండి పోయిన కరీంనగర్ జిల్లా నేతపనివాళ్ల చరిత్ర చిన్నది కాదు. ఆ చరిత్ర గడపదాకా వచ్చి సినిమా వెనుదిరిగింది. బలగం చెదరడానికి నల్లిబొక్క తగాదా ఒక్కటే కారణమైనట్టు మిగిలింది.

ఈ భావజాలం సినిమాతో పుట్టింది కాదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం చదివినా ఇదే కనిపిస్తుంది. పోషణ బాధ్యత పిల్లలకు తప్పనిసరి. జిల్లాకొక వృద్ధాశ్రమం కట్టే విషయంలో మాత్రం ప్రభుత్వం ‘కట్టవచ్చు’ అంటుంది. ఆస్తి రాసిచ్చి మోసపోయిన తండ్రికి ఆ చట్టంలో కొంత దారి ఉంది. రాసివ్వడానికి ఏమీ లేని తల్లికి, తానే అర్ధాకలితో ఉన్న కొడుకు మీద ఫిర్యాదు చేసే హక్కు ఉంది!

పింఛన్ల సంగతీ చూడాలి. 1995లో కేంద్రం మొదలుపెట్టినప్పుడు వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలు. తెలంగాణలో 2014లో వచ్చిన ఆసరా దాన్ని వెయ్యి చేసింది, 2019లో 2016 రూపాయలైంది. ఇది చిన్న మార్పు కాదు. ఇంట్లో ముసలివాళ్ల మాటకు కాస్త విలువ తెచ్చిన డబ్బు అది. కాని ఇంటికొక్కటే వృద్ధాప్య పింఛనన్న నిబంధన పెట్టారు. మొగుడూ పెళ్లామూ ఇద్దరూ జీవితమంతా పనిచేసినా ముసలితనం ఒక్కరిదే అన్నట్టు! ఇందుకు భిన్నంగా బీడీ కార్మికులకు 2015లో ఇచ్చిన భృతిలో వేరే విలువ ఉంది. అది చుట్టరికాన్ని కాక, చేసిన పనిని గుర్తించింది. ముసలివాళ్లకు దక్కవలసింది జాలి కాదు, ఆ గుర్తింపు.

సినిమా చివర పాడి రాష్ట్రమంతటినీ ఏడిపించిన బుడగజంగాల కళాకారుడు పస్తం మొగిలయ్య మూత్రపిండాల జబ్బుతో 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన వైద్యానికి దాతల సాయం కోరవలసి వచ్చింది. పాటకు కన్నీళ్లు పెట్టిన సమాజం, పాడిన గొంతుకు వైద్యాన్ని హక్కుగా ఇవ్వలేకపోయింది. సినిమా చెప్పకుండా వదిలిన సంగతి దాని పాటగాడి జీవితం చెప్పింది.

ఇందులో మన లోపమూ ఉంది. అభ్యుదయ సాహిత్యంలో ముసలివాడు చాలాసార్లు కసాయి భూస్వామిగానో, దీనుడైన పీడితుడిగానో వచ్చాడు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో అప్పల్రాముడు వేరు. అప్పు ఎలా పుట్టిందో, తన జీవితకాలపు కష్టం ఎటు పోయిందో ఊరి మధ్య నిలబడి లెక్క అడుగుతాడు. అతని కథ సఖ్యతతో ముగియదు. ముగిసేదీ కాదు. ఆ లెక్కలు అడిగే ముసలివాళ్లు, ముఖ్యంగా ముసలి ఆడవాళ్లు, మన కథల్లో ఎందరున్నారు?

నిర్మల్ బీడీల వాడల కథ రాయవలసిన రచయితలు కాకికోసం ఎదురుచూడనక్కర్లేదు. ఆ అవ్వ ఇంకా బతికే ఉంది. లెక్క చెప్పడానికి సిద్ధంగా ఉంది.