లెదర్ జాకెట్‌కు మన వానాకాలం

ఆగస్టులో విశాఖపట్నంలోనో కాకినాడలోనో చలిబట్టల అల్మరా తెరిస్తే ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. స్వెట్టర్లు బాగానే ఉంటాయి. వాటి పక్కన, డెన్వర్ నుంచో డబ్లిన్ నుంచో పిల్లలు తెచ్చిన లెదర్ జాకెట్ మాత్రం భుజాల మీదా కాలర్ మడతల్లోనూ తెల్లగా బూజు పట్టి ఉంటుంది. పాపం, ఇంట్లోవాళ్లు దాన్ని గాలికి వదిలేసి ఉండరు. వానలు మొదలయ్యే ముందే శ్రద్ధగా నూనె రాసి, ప్లాస్టిక్ కవర్ తొడిగి ఉంటారు. ఆ రెండే దాని కొంప ముంచాయి.

లెదర్ జాకెట్ గురించి మనం వినే జాగ్రత్తల్లో చాలామటుకు చలిదేశాల నుంచి వచ్చినవి. 1928లో న్యూయార్క్‌లో ఇర్వింగ్ షాట్ ‘పర్ఫెక్టో’ అనే మోటార్‌సైకిల్ జాకెట్ తయారుచేశాడు. పక్కకు వాలిన జిప్‌తో ఉండే ఆ నమూనానే ఇప్పటికీ ప్రపంచమంతా కాపీ కొడుతోంది. 1931లో అమెరికా సైన్యం తన పైలట్లకు ‘ఏ-2’ జాకెట్‌ను ఖాయం చేసింది. రెండూ ఎదురుగాలిని ఆపడానికి పుట్టినవే. అక్కడ చలికాలమంతా ఇళ్లలో హీటర్లు నడుస్తాయి. గదిలో గాలి పొడిబారుతుంది, తోలు బిగుసుకుని పగుళ్లిస్తుంది. ఏడాదికి రెండుసార్లు కండిషనర్ రాయమనే సలహా ఆ ఇళ్లకు సరిపోతుంది. మన కోస్తాలో వానాకాలం గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. సుమారు 65, 70 శాతం పైబడి రోజుల తరబడి ఉంటే చాలు, బూజుకు పండగ. ఆ బూజు తినేది కూడా ఎక్కువగా తోలును కాదు. దాని మీది చెమట, దుమ్ము, మనం ప్రేమగా పూసిన నూనె.

నూనె మీద మనకున్న నమ్మకం ఊరికే వచ్చింది కాదు. పచ్చి తోలంటే నీళ్లూ, కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులూ. తడిగా వదిలేస్తే కుళ్లిపోతుంది, ఎండబెడితే రేకులా బిగుస్తుంది. ఈ రెండూ జరగకుండా పదును చేసే విద్య తెలుగు పల్లెల్లో మాదిగవాడలది. సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు ఊడదీసి, ఆ తర్వాత లంద అనే తొట్టిలో తంగేడు చెక్క, కరక్కాయలు వేసిన నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టేవారు. బెరడులోని టానిన్లనే పదార్థాలు పోగులను పట్టుకుని కుళ్లకుండా ఆపేవి. ఊరంతటికీ చెప్పులూ, బావుల్లో మోట తొండాలూ చేసిచ్చిన ఆ చేతులను ఊరు అంటరానివిగానే చూసింది. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పం. అదే చెట్టు బెరడు చేసిన పని ఎవరికీ గుర్తులేదు. మద్రాసు నుంచి ‘ఈస్ట్ ఇండియా లెదర్’ పేరుతో ఓడలెక్కిన తోలు కూడా ఈ పద్ధతిదే.

అలా పదును చేసిన తోలుతో కుట్టిన మందపాటి చెప్పులకు ఆముదం పట్టించేవారు. కిర్రుచెప్పులు ఆముదం తాగి మెత్తబడేవి, బురదకూ నిలిచేవి. అందుకే జాకెట్ కనబడగానే పెద్దవాళ్ల చెయ్యి ఆముదం సీసా వైపు పోతుంది.

జాకెట్ తోలు కథ వేరు. 1884లో న్యూయార్క్‌లో అగస్టస్ షుల్ట్జ్ క్రోమియం లవణాలతో తోలు పదును చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఈనాటి జాకెట్లలో ఎక్కువ భాగం క్రోమ్ తోలే. మెత్తటి గొర్రెతోలు జాకెట్ మందం 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లు, బైకు మీద వేసుకునే ఆవుతోలుదైతే 1.2 పైన. అంత పల్చటి తోలుకు కావలసిన నూనెను ఫ్యాక్టరీలోనే పోగుల మధ్యకు ఎక్కిస్తారు. తమాషా ఏమిటంటే అలా ఎక్కించే నూనెల్లో మన ఆముదమూ ఉంది, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మార్చి నీళ్లలో కలిసేటట్టు చేసిన రూపంలో. ఆ పైన రంగుపూత వేసి మూసేస్తారు. ఇంట్లో రాసే ఆముదం ఆ పూత దాటి సరిగా దిగదు. పైనే జిడ్డుగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది. కొబ్బరినూనెతో ఇంకో తంటా. 24 డిగ్రీల కిందికి వస్తే అది పేరుకుంటుంది కాబట్టి హైదరాబాద్ డిసెంబరులో జాకెట్ మీద తెల్లటి మరకలు తేలవచ్చు.

ఈ రసాయనశాస్త్రాన్ని మన దేశంలో నిలబెట్టినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు ఒక తెలుగువాడిది. 1948లో మద్రాసు అడయారులో మొదలైన కేంద్ర తోలు పరిశోధనా సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన యలవర్తి నాయుడమ్మ తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టారు. తోలు పని అంటే చదువుకున్నవాళ్లు ముక్కు మూసుకునే రోజుల్లో ఆయన దాన్నే తన శాస్త్రంగా ఎంచుకున్నారు. 1985లో కనిష్క విమాన ప్రమాదంలో పోయారు. విమానంలో బాంబు పెట్టిన కుట్ర అనాలి, ప్రమాదం కాదు.

ఇంతకీ మన ఇంట్లో చేయవలసిందేమిటి? ముందు ఆ తోలు ఏ రకమో తెలియాలి. లోపలి అంచున, బయటికి కనబడని చోట ఒక్క నీటిచుక్క వేసి చూడండి. చుక్క అలాగే నిలబడితే పైన రంగుపూత ఉన్నట్టు, తడిగుడ్డకు తట్టుకుంటుంది. ఇంకిపోయి నల్లబడితే పూత లేని తోలు. ఏ క్రీమైనా మరక చేస్తుంది. నూగుగా ఉండే స్వెడ్‌కైతే క్రీమే వద్దు, మెత్తటి బ్రష్, మరకకు పెన్సిల్ రబ్బరు చాలు.

కండిషనర్ రాయవలసింది ఏడాదికి ఒక్కసారి, అదీ గాలి పొడిగా ఉండే జనవరి, ఫిబ్రవరుల్లో. గుడ్డకు రూపాయి బిళ్లంత తీసుకుని వీపు భాగమంతా పల్చగా పాముకుంటూ పోవాలి. అరగంటాగి పొడిగుడ్డతో తుడిచాక చేతికి జిడ్డు అంటిందంటే ఎక్కువైనట్టే. వానాకాలంలో అసలు రాయకండి. అప్పుడు చేయవలసింది గాలి ఆడించడం. ప్లాస్టిక్ కవర్ తీసేసి పాత నూలు దుప్పటి ముక్కో, చొక్కానో కప్పండి. బయటి గోడకు ఆనుకున్న అల్మరాలో కాకుండా, వీలైతే ఏసీ నడిచే గదిలో వెడల్పు భుజాల హ్యాంగర్‌కు వేలాడదీయండి. కలరా ఉండలు మాత్రం దగ్గరికి రానీయకండి. ఆ వాసన తోలుకు పట్టిందంటే వదలదు. ఎండలో ఆరేసే అలవాటూ మానుకోవాలి. ఎండకు రంగు వెలుస్తుంది, నూనె పోతుంది.

బూజు వచ్చేసిందా? గదిలో దులపకండి, పక్కనున్న బట్టలకూ అంటుతుంది. బాల్కనీలోకి తీసుకెళ్లి పొడి బ్రష్‌తో దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమపాళ్లలో కలిపి గుడ్డ తడిపి, లోపలి అంచున పరీక్షించి, రంగు దిగకపోతే తేలిగ్గా తుడవండి. నీడలో ఫ్యాను కింద ఆరనివ్వండి.

వానలో తడిస్తే కంగారు అక్కర్లేదు. జేబులు ఖాళీ చేసి, తువ్వాలుతో అద్ది, హ్యాంగర్‌కు తగిలించి రెండు రోజులు ఓపిక పట్టాలి. హెయిర్ డ్రయ్యర్, పొయ్యి సెగ పెడితే నీళ్లు గబగబా పోయి పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పడంలా బిగిసిన ఆ తోలు మళ్లీ మెత్తబడదు.

చెమట గురించి పైదేశాలవాళ్లు పెద్దగా రాయరు, మనకు అదే పెద్ద సమస్య. మెడ దగ్గరి ఉప్పూ జిడ్డూ కాలర్‌ను ముందు నల్లబరుస్తాయి, తర్వాత పొట్టు రేపుతాయి. కాలర్ ఉన్న చొక్కా మీదే వేసుకోవడం, విప్పగానే పొడిగుడ్డతో తుడవడం నూరు క్రీములకన్నా మేలు. బట్టల సబ్బు, వంటసోడా తగలనివ్వకండి. తోలుది ఆమ్లగుణం, వాటిది క్షారగుణం. శానిటైజరూ, తడి టిష్యూలూ పదే పదే తగిలితే రంగుపూత దెబ్బతినవచ్చు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొన్ని జాకెట్లు రెండు మూడేళ్లకే పొరలు పొరలుగా ఊడిపోతాయి. అది మీ తప్పు కాదు, అసలది తోలే కాదు. గుడ్డ మీద పాలీయురేథేన్ పూత పూసిన సరుకు. గాలిలోని తేమకే ఆ పూత విడిపోతుంది. దానికి మందు లేదు. కొనేముందు తెగిన అంచు చూడండి, పోగులు కనబడాలి; కింద అల్లిన గుడ్డ కనబడితే అడిగిన ధర ఇవ్వకండి.

నిజమైన తోలు జాకెట్‌లో ముందు పోయేది లైనింగు, ఆ తర్వాత జిప్పు. రెండూ మార్చుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: గుడ్డలో సూదిరంధ్రం పూడుకుంటుంది, తోలులో పూడదు. కొత్త మిషన్ కుట్టు వేస్తే పాత రంధ్రాల పక్కన కొత్తవి పడి, చిల్లుకాగితంలా అక్కడే చిరుగుతుంది. విడిన కుట్టును పాత రంధ్రాల్లోంచే చేత్తో కుట్టమని అడగాలి. మాల్‌లోని షాపులో కన్నా వీధి చివర ఆరె పట్టుకుని చెప్పులు కుట్టే మనిషి దగ్గరే ఆ పని బాగా అవుతుంది. బేరమాడకుండా అడిగినంత ఇవ్వండి.