బొమ్మ కన్నా ముందు స్కేలు

రొంపిచెర్ల నుంచి నరసరావుపేటకు బస్సులో వెళ్లి ఇంజినీరింగ్ చదువుకునే పిల్లలు ప్రాజెక్టు రోజుల్లో నా దగ్గరికి ల్యాప్‌టాప్‌లు పట్టుకొస్తుంటారు. తెర మీద హెచ్‌ఎఫ్‌ఎస్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్ గీసిన యాంటెన్నా రేడియేషన్ ప్యాటర్న్ ఉంటుంది. యాంటెన్నా ఏ దిక్కుకి ఎంత శక్తి పంపుతుందో చూపే పటమది. ఎర్రగా ఉన్నవైపు ఎక్కువ, నీలంగా ఉన్నవైపు తక్కువ. "బాగా వచ్చింది కదా మాస్టారూ?" అంటారు. "పటం నడిమధ్యన ఎన్ని డెసిబెల్స్ పెట్టావురా?" అని నేనడుగుతాను.

అడక్క తప్పదు. పక్కలకు పోయే సైడ్‌లోబ్ ప్రధాన కిరణం కంటే 20 డెసిబెల్స్ తక్కువ ఉందనుకోండి. అంటే శక్తిలో నూరో వంతు. మామూలు స్కేలు మీద అది కంటికి ఆనదు. డెసిబెల్స్‌లో, నడిమధ్యన మైనస్ 40 పెట్టి గీస్తే వ్యాసార్ధంలో సగం దాకా ఉబ్బుతుంది. అక్కడే మైనస్ 20 పెట్టారా, మాయం! యాంటెన్నా మారలేదు, లెక్కా మారలేదు. రిపోర్టులో ఏ బొమ్మ పెడతారో మీకు వేరే చెప్పాలా?

స్కేలు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది కోణాల మెట్టు, అంటే ఎన్ని డిగ్రీలకోసారి లెక్క చూస్తున్నామన్నది. ఒక ఉదాహరణ చూడండి. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ దగ్గర. ఇంచుమించు 130 మీటర్ల చదరంలో, వరసకు 32 చొప్పున 1024 యాగీ యాంటెన్నాలు. ఒకప్పుడు మన డాబాల మీద దూరదర్శన్ కోసం నిలబెట్టిన జాతివే. ఒక్క యాగీ కిరణం వెడల్పుగా ఉంటుంది, 5 డిగ్రీలకో చుక్క పెట్టుకుంటూ పోయినా ఆకారం చెడదు. అన్నీ కలిస్తే మాత్రం కిరణం 3 డిగ్రీలే. దాన్ని 12 డిగ్రీలు వంచి, అదే మెట్టుతో గీయమంటే సాఫ్ట్‌వేర్ 10 దగ్గర చూస్తుంది, 15 దగ్గర చూస్తుంది. అసలు శిఖరం రెంటి మధ్యా జారిపోతుంది. గీత మాత్రం నున్నగానే వస్తుంది, అదీ చిక్కు.

అందుకే గెయిన్‌కు, అంటే శక్తిని ఒక దిక్కుకి ఎంత కూడగడుతుందో చెప్పే అంకెకు, నేను చేతిలెక్క వేయిస్తాను. 1024 అంటే 30 డెసిబెల్స్, ఒక్కో యాగీది 6 లేదా 7. కలిపితే 36, 37. ఆ రాడార్‌కు చెప్పే గెయిన్ 36. తెర మీద 31 కనిపిస్తే తప్పు యాంటెన్నాది కాదు, మెట్టుది.

ప్రాజెక్టు గైడ్లకు నా మనవి ఒక్కటే. ప్యాటర్న్ కింద స్కేలు, మెట్టు రాయని రిపోర్టు మీద సంతకం పెట్టకండి.