వీడియో గేముల్లో సినిమా కథనం

షాట్, కట్, నటన, నేపథ్య సంగీతం వంటి వెండితెర సాధనాలతో వీడియో గేమ్‌లో కథ చెప్పడాన్ని సినిమాటిక్ కథనం అంటారు. సినిమా చూసేవాడు కుర్చీలో కూర్చుంటే చాలు. ఆటలో కథానాయకుణ్ణి నడిపేది ఆటగాడే. దర్శకుడు చూపించదలచింది ఒకటి, ఆటగాడు చేయదలచింది మరొకటి కావచ్చు. ఆ రెంటినీ ఒక దారికి తేవడంలోనే ఈ కళలోని నేర్పంతా ఉంది.

తొలిరోజుల్లో ఈ బాట వేసినవారిలో జోర్డన్ మెక్నర్ ముఖ్యుడు. ఆపిల్-2 కంప్యూటర్ కోసం ఆయన చేసిన ‘కరాటేకా’ (1984)లో నాయకుడు కోటలోకి చొరబడుతుండగా మధ్యలో దృశ్యం మారి, లోపల విలన్ తన భటుణ్ణి ఉసిగొల్పడం కనబడుతుంది. రెండుచోట్ల జరుగుతున్నదాన్ని మార్చి మార్చి చూపే ఈ పద్ధతి మూకీల నాటిది. ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ (1989) కోసం మెక్నర్ తన తమ్ముడు డేవిడ్ చేత పరుగులు పెట్టించి, గెంతించి, వీడియో తీశాడు. దాన్ని ఫ్రేము ఫ్రేముగా బొమ్మల్లోకి దింపాడు. రాకుమారుడు గోడ అంచు పట్టుకుని పైకి ఎగబాకుతుంటే అంత చిన్న బొమ్మలోనూ మనిషి బరువు తెలుస్తుంది. గంటలోగా రాకుమారిని విడిపించాలి. ఆ గడువు నాయకుడికెంతో ఆటగాడికీ అంతే. ఉత్కంఠ పుట్టేది అక్కడే.

సీడీలు వచ్చాక కట్‌సీన్లు పెరిగాయి. ఆట ఆగిపోయి, వీడియోలా నడిచే సన్నివేశాలివి. ‘ఫైనల్ ఫాంటసీ 7’ (1997)లోని వీడియోలు కళ్లు చెదిరేలా ఉన్నా, వాటిలోని పాత్రలకూ ఆటలో కదిలే బొమ్మలకూ పోలిక తక్కువ. ఆ మరుసటి ఏడాదే హిడియో కోజిమా ‘మెటల్ గేర్ సాలిడ్’లో ఆటలోని బొమ్మల చేతనే సన్నివేశాలు నటింపజేసి ఈ అతుకు కనబడకుండా చేశాడు. అదే 1998లో వాల్వ్ సంస్థ ‘హాఫ్-లైఫ్’ అసలు కట్‌సీన్లే వద్దనుకుంది. భూగర్భ పరిశోధనశాలలోకి రైలుపెట్టెలో వెళ్తున్న గోర్డన్ ఫ్రీమన్ కళ్లతోనే అంతా చూడాలి. తెర మీద పేర్లు పడుతుంటాయి, ఆటగాడు ఆ పెట్టెలో అటూ ఇటూ తిరుగుతూ కిటికీలోంచి చూస్తుంటాడు.

ఈ రెండు దారులూ అందంగా కలిసిన ఆట నాటీ డాగ్ సంస్థ తీసిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ (2013). మొదట ఆటగాడి చేతికి వచ్చేది వీరుడు జోయెల్ కాదు, అతని కూతురు సారా. అర్ధరాత్రి నిద్రలేచిన ఆ పిల్లగా నాన్న కోసం ఇల్లంతా వెతకాలి. తరవాత కారు వెనకసీట్లోంచి తలతిప్పుతూ తగలబడుతున్న ఊరిని చూడాలి. కారు బోల్తా పడ్డాక ఆటగాడు జోయెల్ అవుతాడు. చేతుల్లో కాలు విరిగిన సారా. ఆయుధం లేదు, పోరాడే వీలు లేదు, పరుగెత్తడమొక్కటే మిగిలింది. కాసేపటి కింద తానే అయిన పిల్లను ఇప్పుడు మోస్తున్నాడు గనుకే ఆ తరవాతి చావు ఆటగాణ్ణి అంతగా కోస్తుంది. ఆట చివరి భాగంలో జిరాఫీలను చూస్తూ నిలబడే ఘట్టం ఉంది. ఆటగాడు కదిలేదాకా జోయెల్, అతనితో కలిసి ప్రయాణించే అమ్మాయి ఎల్లీ అక్కడే ఉంటారు. ఆ షాట్ నిడివి ఎడిటర్ చేతిలో లేదు.

‘గాడ్ ఆఫ్ వార్’ (2018)లో దర్శకుడు కోరీ బార్లాగ్ కథంతా ఒకే షాట్‌గా నడిపాడు. కథను నడిపే తండ్రీకొడుకుల పక్కనుంచి కెమెరా కదలదు. వాళ్లు ఇరుకు సందుల్లో ఒదిగి నడిచేచోట, ముందున్న ప్రదేశాన్ని యంత్రం గుట్టుగా సిద్ధం చేసుకుంటుంది.

అతి చేస్తే ఈ కళ బెడిసికొడుతుంది. ‘మెటల్ గేర్ సాలిడ్ 4’ (2008)లో ముగింపు సన్నివేశాలే గంట దాటుతాయి. అంతసేపు కంట్రోలర్ పక్కన పెట్టించడం ఆట బలాన్ని వదులుకోవడమే.

సినిమాకు సాధ్యం కాని కథనానికి చక్కని ఉదాహరణ ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’ (2013). దీన్ని తీసిన జోసెఫ్ ఫేర్స్ స్వీడన్ సినిమా దర్శకుడు. కంట్రోలర్‌లో ఎడమవైపు అన్నది, కుడివైపు తమ్ముడిది. తమ్ముడికి నీళ్లంటే భయం, అన్న వీపునెక్కే నీళ్లు దాటేవాడు. అన్న పోయాక వరద దాటాల్సివస్తే తమ్ముడి బటన్ పనిచేయదు. ఆటగాడు అన్న బటన్ నొక్కితేనే తమ్ముడు నీళ్లలో దిగి ఈదుతాడు. ఒక్క మాట లేకుండా, ఒక్క కట్‌సీన్ లేకుండా కథ అక్కడ పూర్తిగా వేలికొసకు వచ్చేస్తుంది. ఫేర్స్ ఆ తరవాత తీసిన ఆటల్లో ఒకటైన ‘ఇట్ టేక్స్ టూ’ 2021 గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి మేటి ఆటగా నిలిచింది. దాన్ని ఇద్దరు కలిసి తప్ప ఒక్కరు ఆడలేరు.