చివరి మెట్టు నుంచి మొదలు

ఏకోపాధ్యాయ పాఠశాల అనగానే అయ్యో పాపం అంటారు. ఒకే గది, ఒకే పంతులు, ఐదు తరగతులు. దుమ్ముగూడెం మండలంలో గోదావరి ఒడ్డు విడిచి అడవి వైపు వెళ్లేకొద్దీ ఇలాంటి బడులు తగులుతూనే ఉంటాయి. నేను పాఠం చెప్పేదీ అలాంటి బడిలోనే. కష్టం లేదని అనను. అయితే ఒక్క విషయంలో ఈ బడి పట్నం బడి కంటే నయం. పిల్లలంతా ఒకే పాఠం దగ్గర ఉండాలని ఇక్కడ ఎవరూ పట్టుబట్టరు. ఒకటో తరగతి పిల్ల అక్షరాలు దిద్దుతుంటే మూడో తరగతి వాడు ఎక్కాలు రాస్తుంటాడు, పక్కనే ఐదో తరగతి వాళ్లు భాగహారం చేస్తుంటారు. ఐదు స్థాయిలు నడుస్తున్న గదిలో ఆరో స్థాయికి చోటివ్వడం పెద్ద వింతేమీ కాదు.

ఆ ఆరో స్థాయి మా ఒకటో తరగతి బాబుది. పేరు రాయను. ఆలస్యంగా నడిచాడు, ఎడమ చేతికి పట్టు తక్కువ, నోట్లో మాటలు పదో పన్నెండో. చేర్పించడానికి వచ్చిన రోజు వాళ్లమ్మ అడిగింది ఒక్కటే. "ఊరికే కూర్చోబెట్టండి సారూ, అన్నం తిని వస్తే చాలు." మిరప చేలో కూలికి వెళ్లే మనిషి ఆమె. కొడుకు పగలంతా నీడన ఉండి, పొయ్యికీ చెరువుకీ దూరంగా ఉంటే అదే పదివేలు ఆమెకు. ఆ కోరికను నేను తక్కువ చేయను. కానీ చట్టం ఆమె కంటే ఎక్కువే అడిగింది. 21 రకాల వైకల్యాలను గుర్తించిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా వీళ్లకు ఊరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. తోటివాళ్లతో కలిసి చదవాలనీ, అందుకు కావలసిన సదుపాయం బడే చేయాలనీ చెప్పింది. హాజరు పట్టీలో పేరెక్కి, మూలన సుద్దముక్కతో కూర్చున్న పిల్లవాడు ఆ చట్టం దృష్టిలో ఇంకా బడిలోకి రానట్టే.

మందబుద్ధి అని ఎవరైనా తేల్చేముందు రెండు సంగతులు చూడాలని నేను గట్టిగా చెబుతాను. మొదటిది చెవి. జలుబు ముదిరి చెవిలో చీము కారే పిల్లలు మా గూడేల్లో చాలామంది. సగమే వినబడే పిల్లవాడు సగమే మాట్లాడతాడు. రెండోది భాష. మా బాబు ఇంట్లో వినేది కోయ. "ఇలా రా, పలక తీసుకో, అక్క పక్కన కూర్చో" అని నేను తెలుగులో ఒక్క ఊపిరిలో అంటే, ఏ ఇబ్బందీ లేని కోయ పిల్లలు కూడా మొదటి నెలల్లో నిలబడి చూస్తారు. అదే మాటను మా వంట ఆయమ్మ కోయలో, ముక్కముక్కగా ఆగి ఆగి చెబితే బాబు లేచి వచ్చాడు, పలక తీశాడు. మూడోది మాత్రం మరిచిపోయాడు. వాడి అసలు ఇబ్బంది ఎంతో, మేం వాడి మీద మోపిన ఇబ్బంది ఎంతో ఆ ఒక్క పూటలో విడివిడిగా తెలిసింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టినప్పుడు కోయ కూడా అందులో ఉంది. ఆ పని అదే ఊపులో సాగి ఉంటే బాగుండేది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల సామర్థ్యాన్ని అంచనా వేసే ప్రశ్నలైనా ఇంటి భాషలో అడగాలి. కోయ వచ్చిన మనిషి పక్కన లేకుండా కోయ పిల్లవాడి బుద్ధిని కొలవడం అన్యాయం.

ఇక నేర్పే పద్ధతి. మధ్యాహ్నం పళ్లేలు పంచే పని బాబుకు అప్పగించాం. అది నిజంగా బడికి అవసరమైన పని. వాడు ఇవ్వకపోతే లైన్లో ఉన్నవాళ్లకు పళ్లెం అందదు. కాలక్షేపానికి ఇచ్చే పనికీ దీనికీ తేడా పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. ఈ పనిని విడగొడితే దొంతరలోంచి ఒక పళ్లెం తీయడం, గుడ్డతో తుడవడం, లైను దాకా నడవడం, ఎదుటివాడి చేతికి అందించడం. మామూలుగా మనం మొదటి మెట్టు నుంచే నేర్పబోతాం. దొంతరలోంచి తీయబోతే పళ్లేలు జారతాయి, గుడ్డ దగ్గర చేయి ఆగిపోతుంది, ఆకలితో ఉన్న పిల్లలు గోల చేస్తారు, చివరికి ఎవరో లాక్కుని పని పూర్తి చేస్తారు. ఓడిపోవడం ఒక్కటే వాడికి మిగులుతుంది.

అందుకే చివరి మెట్టు నుంచి మొదలుపెట్టాం. తీయడం, తుడవడం, మోసుకెళ్లడం ఆయమ్మా నేనూ చేశాం. బాబు చేసింది చేతికి అందించడం ఒక్కటే. కానీ పని వాడి చేతిలోనే పూర్తయింది, ఎదుటివాడు పళ్లెం అందుకున్నాడు. ఆ మెట్టు గట్టిపడ్డాక దాని ముందుది, అంటే పళ్లెం పట్టుకుని రెండడుగులు నడిచి ఇవ్వడం. తర్వాత తుడవడం. ఇప్పుడు దొంతర దగ్గరికి చేరాం, ఎడమ చెయ్యి ఇంకా మొరాయిస్తోంది. ప్రత్యేక విద్యలో ఇది పాత పద్ధతే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ, పనిని చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పడం ఎలాగో ఏళ్లుగా టీచర్లకూ తల్లిదండ్రులకూ చెబుతూనే ఉంది. చొక్కా తొడుక్కోవడం, చేతులు కడుక్కోవడం, తన పేరు దిద్దడం, అన్నిటికీ ఇది పనికొస్తుంది. పేరులో చివరి అక్షరం ఒక్కటి వదిలి మిగతావి నేను రాస్తాను. అది వాడు దిద్దుతాడు.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది పిల్లల మంచితనం. నమ్మండి. ఎగతాళి చేసినవాళ్లు తక్కువ, సాయం చేసేవాళ్లు మరీ ఎక్కువ. నేను బాబును ఏదైనా అడిగితే నలుగురు వాడి తరఫున జవాబు చెప్పేవాళ్లు. మూడో తరగతి అమ్మాయిలిద్దరు సంచి మోసి, పలక తుడిచి, చివరికి ముద్దలు కూడా కలిపిపెట్టేవాళ్లు. ఇలాంటి ప్రేమలో పిల్లవాడు చేయి కదపడమే మానేస్తాడు. పైగా ఆ ఆడపిల్లల చదువు ఏం కావాలి? ఇప్పుడు మా తరగతిలో ఒక కట్టుబాటు ఉంది. బాబు చెయ్యి చాపితేనో, పిలిస్తేనో సాయం. వారానికొకరు వంతు. మగపిల్లలకూ వంతు ఉంటుంది. ప్రశ్న అడిగాక అందరం మనసులో పది లెక్కపెట్టుకుని ఆగాలి. పది దాకా నోరు మూసుకోవడం పిల్లల కంటే టీచర్లకే కష్టమని నా అనుభవం. ఏడు ఎనిమిది దగ్గర వాడి పెదవులు కదులుతాయి, సరిగ్గా అప్పుడే మనం ఇంకో ప్రశ్న వేస్తాం.

గోడకు ఒక తాడు కట్టి దాని మీద పలక, పళ్లెం, బంతి వరసగా వేలాడదీశాం. ఆ రోజు దేని తర్వాత ఏదో బాబుకు తెలియడానికి. అయిపోయినదాన్ని వాడే తీసి బుట్టలో వేస్తాడు. మిరప కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఒకరిద్దరు బడికి వచ్చినప్పుడు, తెలుగు ముక్క రాని వాళ్లు కూడా ఆ తాడు చూసే రోజును అర్థం చేసుకున్నారు. ఒక్కడి కోసం చేసింది పదిమందికి అక్కరకు రావడం కొత్త సంగతి కాదు. మాంటిస్సోరి పరికరాల పుట్టుకే అది. బుద్ధి ఎదగలేదని పక్కన పెట్టిన పిల్లలతో రోములో పనిచేస్తూ మాంటిస్సోరి డాక్టరమ్మ చేతితో తడిమి నేర్చుకునే సామగ్రిని వాడింది. 1907లో మామూలు పిల్లల బడి తెరిచినప్పుడు దాన్నే అక్కడికి తెచ్చింది. తడిమి నేర్చుకోవడం మన వీధిబడులకు కొత్త కాదు, ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించినవే అవి. గోదావరి ఇసుక మాకు కొదవ లేదు. బాబు వేలు పలక మీద కంటే ఇసుకలోనే ధైర్యంగా కదులుతుంది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు, వ్యాయామం నేర్పే భవిత కేంద్రాల సేవను నేను మనసారా మెచ్చుకుంటాను. అక్కడి ప్రత్యేక విద్యా టీచర్లు (ఐఈఆర్పీలు), ఫిజియోథెరపిస్టులు లేకపోతే మాలాంటి వాళ్లకు దారి చూపేవాళ్లే లేరు. కానీ కేంద్రం ఉండేది మండల కేంద్రంలో, పిల్లవాడు ఉండేది గూడెంలో. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పటి రోజులు ఇక్కడ అందరికీ గుర్తే. అంత రాకపోయినా, ఏటా వానాకాలంలో వాగులు పొంగితే చాలు, వ్యాయామానికి వెళ్లడం ఆగిపోతుంది. అందుకే అక్కడ చెప్పిన వ్యాయామాలను తరగతి పనిలో కలిపేశాం. నల్లబల్ల పైభాగం ఎడమ చేత్తో తుడవడం భుజానికి వ్యాయామం. ఇంటిగంట తాడు రెండు చేతులతో లాగడం పట్టుకు వ్యాయామం. గంట మోతకు మొదట్లో బెదిరి చెవులు మూసుకునేవాడు. తానే కొడుతుంటే మోత ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది కాబట్టి బెదురు తగ్గింది.

తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే వీలును 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణ ఇచ్చింది. అది పిల్లల హక్కు. బడి చేతులు దులుపుకోవడానికి దాన్ని వాడితే నేను ఒప్పుకోను. అలాగని ఒక్క పంతులు మీదే అంతా వేసి, మనసుంటే మార్గముంటుందని చెప్పడం కూడా సరికాదు. ఇలాంటి పిల్లలకు ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తిని నిర్ణయించాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు రజనీశ్ కుమార్ పాండే కేసులో చెప్పింది. ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని ఆ తర్వాత కేంద్రం నిర్ణయించింది. చెదురుమదురుగా ఉన్న మా గూడేల్లో బడికి ఒక్కడో ఇద్దరో ఉంటారు. కాబట్టి ఆ టీచరు మండలంలో బడి బడికీ తిరిగే మనిషి కావాలి, కోయ వచ్చిన మనిషి కావాలి. మా కోయ యువతలో డిగ్రీలు చదివి ఖాళీగా ఉన్నవాళ్లున్నారు. ప్రత్యేక విద్యలో శిక్షణ వాళ్లకు ఇప్పించవచ్చు.

తొందర ఎందుకంటే, ఐదో తరగతి అయ్యాక మా పిల్లలు ఎక్కువగా చేరేది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టల్లో ఉండి చదవాలి. అక్కడ ఉదయం గంటలో అంతమంది పిల్లల మధ్య బాబు స్నానం చేసి, బట్టలు వేసుకుని, టిఫిన్ లైన్లో నిలబడాలి. రాత్రి లేస్తే దారి చూపడానికి ఒకరుండాలి. వాడికి చొక్కా గుండీలు నేర్పే పని నాది, మొదలుపెట్టాను, చివరి గుండీ నుంచే. బాత్రూం గోడకు పట్టుకోవడానికి కమ్మీ, గుమ్మం దగ్గర ర్యాంపు, కోయలో పలకరించే ఒక ఆయా మాత్రం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వాళ్లే సమకూర్చాలి. ఒక్కో ఆశ్రమ పాఠశాలకు ఎంత ఖర్చవుతుందో ఇప్పుడే లెక్క వేసుకుంటే, వాడు అక్కడికి చేరే ఏడాదికి పని పూర్తవుతుంది.