జే ఒడంబడికలోని ఆ చీటీ

1794 నవంబరు 19న లండన్‌లో అమెరికా తరఫున జాన్ జే, బ్రిటన్ తరఫున లార్డ్ గ్రెన్‌విల్ సంతకాలు చేసిన ఒడంబడిక పేరెత్తితే అందరికీ గుర్తొచ్చేది అమెరికాలో రేగిన అల్లరే. జే దిష్టిబొమ్మలను ఊరూరా తగలబెట్టారు. న్యూయార్క్‌లో ఒడంబడికను సమర్థించబోయిన అలెగ్జాండర్ హామిల్టన్ మీద రాళ్ళు రువ్వారు. ఫెడరలిస్టులు, రిపబ్లికన్లు అనే రెండు పక్షాలు దేశమంతటా ఎదురెదురుగా నిలబడడానికి ఈ కాగితం పెద్ద కారణం. అంత దూషణకు గురైన ఒడంబడికను అధికరణం తరవాత అధికరణంగా చదివినప్పుడు నాకు కలిగింది మాత్రం గౌరవమే. అందులో గొప్ప పనితనం ఉంది. అది ముఖ్యంగా ఆరు, ఏడు అధికరణాల్లో కనిపిస్తుంది.

తగవు ఏమిటో ముందు చూద్దాం. స్వాతంత్ర్య యుద్ధానికి ముందు బ్రిటిష్ వర్తకుల దగ్గర అమెరికన్లు, అందులోనూ వర్జీనియా తోటల యజమానులు, చేసిన అప్పులు తీరలేదు. యుద్ధాన్ని ముగించిన 1783 సంధిలో వసూలుకు అడ్డుండదన్నారు గానీ రాష్ట్రాల చట్టాలు, కోర్టులు అడ్డుపడ్డాయి. ఇటు చూస్తే, ఫ్రాన్స్‌తో యుద్ధం చేస్తున్న బ్రిటిష్ నౌకాదళం 1793 చివరి నుంచి వెస్టిండీస్‌లో అమెరికన్ వర్తక ఓడలను వందల సంఖ్యలో పట్టుకుంది. ఒకరి కోర్టు మీద మరొకరికి నమ్మకం లేదు. పోనీ, తీర్పు చెప్పమని మూడో దేశపు రాజును అడుగుదామంటే ఆ యుద్ధకాలంలో ఎవరికీ సంబంధించని రాజు ఎక్కడ దొరుకుతాడు?

అందుకని తగవును లండన్‌లో కూర్చుని తేల్చలేదు. తేల్చే యంత్రాన్ని మాత్రం అక్కడ తయారుచేశారు. అప్పులకు ఒక మండలి, ఓడలకు ఒక మండలి. ఒక్కోదానిలో ఐదుగురు కమిషనర్లు. ఇద్దరిని రాజు, ఇద్దరిని సెనేట్ సమ్మతితో అధ్యక్షుడు నియమించాలి. ఐదో మనిషిని ఆ నలుగురూ ఏకగ్రీవంగా ఎంచుకోవాలి. కుదరకపోతే ఒక్కో పక్షం ఒక్కో పేరు ఇవ్వాలి. ఆ రెండు పేర్లలో ఒకదాన్ని నలుగురి ఎదుటా చీటీ తీసి తేల్చాలి.

ఈ చీటీ ఎంత ఆలోచించి పెట్టిందో గమనించండి. బేరంలో ఒకరు దిగివస్తే స్వదేశంలో ప్రత్యర్థి పక్షం వారిని చీల్చి చెండాడుతుంది. చీటీకి ఎవరూ దిగివచ్చినట్టు కాదు, ఎవరి పరువూ పోదు. పైగా మండలులు రెండు గనక అదృష్టం ఒకవైపే మొగ్గే భయం సగం తగ్గుతుంది. జరిగింది కూడా అదే. ఫిలడెల్ఫియాలో కూర్చున్న అప్పుల మండలికి చీటీలో బ్రిటిష్ మనిషి వచ్చాడు. లండన్‌లో కూర్చున్న ఓడల మండలికి అమెరికన్ వచ్చాడు. ఆయన మరెవరో కాదు, స్వాతంత్ర్య ప్రకటన చిత్రంతో పేరుపొందిన చిత్రకారుడు జాన్ ట్రంబుల్. ఆ ఒడంబడిక చర్చలప్పుడు జే వెంట కార్యదర్శిగా ఉన్నవాడు.

దీని పక్కనే ఇంకో చిన్న మర ఉంది. ముగ్గురు కూర్చుంటే మండలి కూర్చున్నట్టే, కానీ ఆ ముగ్గురిలో ఒక్కో పక్షం నుంచి ఒకరూ, ఐదో మనిషీ ఉండి తీరాలి. ఎవరి పరోక్షంలోనూ వారికి వ్యతిరేకంగా తీర్పు రాకుండా ఇది రక్ష. కానీ ఇదే మర వెనక్కి కూడా తిరుగుతుంది. ఒక పక్షం వాళ్ళిద్దరూ లేచి వెళ్ళిపోతే మండలి ఆగిపోతుంది. 1799లో ఫిలడెల్ఫియాలో అమెరికన్ కమిషనర్లు సరిగ్గా అలాగే లేచిపోయారు. జవాబుగా బ్రిటిష్ ప్రభుత్వం లండన్ మండలిని నిలిపివేసింది. ఇది లోపమే, కాదనను. అయినా యంత్రం పూర్తిగా విరగలేదు. 1802లో ఇంకో ఒప్పందంతో అప్పుల లెక్క 6,00,000 పౌండ్లకు ముగిసింది. లండన్ మండలి మళ్ళీ కూర్చుని 1804 నాటికి పని పూర్తిచేసింది. అది అమెరికన్ ఓడల వారికి ఇప్పించిన పరిహారం కోటి డాలర్లు దాటింది.

ఆ లండన్ మండలిలోనే మొదట్లో ఒక చిక్కు ప్రశ్న వచ్చింది. ఫలానా దావా తమ పరిధిలోకి వస్తుందా రాదా అన్నది మండలే నిర్ణయించుకోవచ్చా? బ్రిటిష్ కమిషనర్లు సందేహించారు. విషయం లార్డ్ ఛాన్సలర్ లఫ్‌బరో దాకా వెళ్ళింది. ఆ సందేహమే అసంబద్ధమని, పరిధిని మండలే తేల్చుకోక తప్పదని ఆయన చెప్పాడు. సొంత ప్రభుత్వానికి నష్టం కలిగించగల మాటను ఆయన తడుముకోకుండా చెప్పాడు. అంతర్జాతీయ మధ్యవర్తిత్వంలో నేటికీ నిలిచి ఉన్న సూత్రమది.

ఈ రెండు మండలులే కాక, ఐదో అధికరణం కింద ఒక సరిహద్దు కమిషన్ కూడా ఏర్పడింది. దానికి ముగ్గురే. మూడో మనిషిని చీటీ లేకుండానే ఒప్పుకున్నారు. 1783 సంధి సెయింట్ క్రోయి నది సరిహద్దన్నది గానీ, ఆ పేరుగల నది ఏదో ఇరుపక్షాలకూ తెలియదు. ఆ పేరు పెట్టిన ఫ్రెంచి వాళ్ళు 1604లో చలికాలం గడిపిన ద్వీపంలో తవ్వితే పాత పునాదులు బయటపడ్డాయి, వారిలో ఒకడైన షాంప్లేన్ గీసిన పటంతో సరిపోయాయి. 1798 అక్టోబరులో నది ఏదో తేలిపోయింది.

ఇక మొత్తం కట్టడం చూద్దాం. 28 అధికరణాలు. చివరిది గడియారం లాంటిది: మొదటి పది శాశ్వతం, వర్తకానికి సంబంధించిన మిగతావి 12 ఏళ్ళకే. పదమూడోది అమెరికన్ ఓడలకు ఇండియాలోని బ్రిటిష్ రేవులన్నీ తెరిచింది. అప్పటికి మచిలీపట్నం, విశాఖపట్నం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోనే ఉన్నాయి కనక కాగితం మీద ఆ అనుమతి మన తీరానికీ వర్తించినట్టే. అయితే తీరం వెంబడి రేవు నుంచి రేవుకు సరుకు మోయకూడదు, ఇక్కడ ఎత్తిన సరుకు నేరుగా అమెరికాకే చేరాలి. పన్నెండోది మాత్రం నాసిరకం పని. వెస్టిండీస్‌కు 70 టన్నులు దాటని ఓడలనే అనుమతించి, దానికి బదులుగా అమెరికన్లు పంచదార, కాఫీ, పత్తి వంటివి తమ ఓడల్లో ఇతర దేశాలకు తీసుకెళ్ళకూడదంది. సెనేట్ ఆ ఒక్క ముక్కను కోసేసి మిగతాదాన్ని 1795 జూన్ 24న 20–10తో ఆమోదించింది. మూడింట రెండు వంతులు కావాలంటే సరిగ్గా 20 ఓట్లే, ఒక్కటి తగ్గినా పడిపోయేది.

మండలులు నడవాలంటే డబ్బు కావాలి. డబ్బు ప్రతినిధుల సభ చేతిలో, ఆ సభ మాడిసన్ నడిపిస్తున్న రిపబ్లికన్ల చేతిలో. 1796 మార్చిలో, జేకు ప్రభుత్వం ఇచ్చిన ఆదేశాల కాగితాలను సభ అడిగింది. ఒడంబడికలు చేసే అధికారం సభకు లేదంటూ అధ్యక్షుడు వాషింగ్టన్ ఇవ్వలేదు. ఒడంబడిక రద్దయితే సరిహద్దులో తెగల యుద్ధం మళ్ళీ రగులుతుందని అనారోగ్యంతో ఉన్న సభ్యుడు ఫిషర్ ఏమ్స్ మాట్లాడిన రెండు రోజులకు, ఏప్రిల్ 30న, 51–48తో డబ్బు మంజూరైంది. ఒడంబడిక ప్రకారం జులైలో డెట్రాయిట్ కోట బ్రిటిష్ చేతి నుంచి అమెరికన్ల చేతికి వచ్చింది.

ఇంత పనితనంలోనూ జే చేర్చలేకపోయినది ఒకటుంది. అమెరికన్ ఓడల నుంచి నావికులను బ్రిటిష్ నౌకాదళం బలవంతంగా లాక్కుపోవడం గురించి ఇందులో ఒక్క అక్షరం లేదు. వర్తక అధికరణాల గడువు ముగుస్తుండగా, లండన్ మండలిలో కూర్చున్న విలియం పింక్‌నీ, రాయబారి జేమ్స్ మన్రోతో కలిసి 1806 డిసెంబరులో కొత్త ఒడంబడిక తెచ్చాడు. అందులోనూ ఆ మాట లేదు. అధ్యక్షుడు జెఫర్సన్ దాన్ని సెనేట్‌కు పంపనే లేదు. 1812లో రెండు దేశాల మధ్య యుద్ధం వచ్చింది.