ప్రతిష్ఠకు సనద్ ఏది?

విశ్వవిద్యాలయానికి ప్రతిష్ఠ ఎక్కడినుండి వస్తుందన్న ప్రశ్న కృష్ణా తీరంలో కొత్తది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలోనే ప్రారంభమైంది. కట్టమంచి రామలింగారెడ్డి దాని తొలి వైస్ ఛాన్సలర్. 1930లో అది విశాఖపట్నానికి తరలిపోయింది. దానికి దేశంలో గౌరవం తెచ్చినది పేరూ కాదు, ఊరూ కాదు. అక్కడ పాఠం చెప్పినవారు. 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న కాలంలో, కృష్ణా జిల్లాలో పుట్టిన సూరి భగవంతం భౌతికశాస్త్రమూ, టి.ఆర్. శేషాద్రి రసాయనశాస్త్రమూ బోధించారు. తరువాత కేంద్రమంత్రి అయిన హుమాయూన్ కబీర్ కూడా కొంతకాలం అక్కడ అధ్యాపకుడే. విద్యార్థులు వీరిని వెదుక్కుంటూ వెళ్లారు. ఆ తరువాతనే విశ్వవిద్యాలయం పేరు నలుగురి నోటా పడింది.

ఈ క్రమం నేడు తలక్రిందులైనదని చెప్పడానికి విజయవాడలోనే నిదర్శనం ఉన్నది. 1986లో ఇక్కడ ఆరోగ్యశాస్త్రాల విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1998లో దానికి ఎన్.టి.ఆర్. పేరు పెట్టారు. 2022లో ఆ పేరు తీసి వై.ఎస్.ఆర్. పేరు పెట్టారు. ప్రభుత్వం మారిన పిమ్మట 2024లో మళ్లీ ఎన్.టి.ఆర్. పేరు వచ్చింది. రెండుసార్లూ వాదప్రతివాదాలు తీవ్రంగానే జరిగాయి. కాని వాటిలో సింహభాగం ఏ నాయకునికి గౌరవం దక్కాలి, ఎవరికి అవమానం జరిగింది అన్న దానిమీదనే నడిచింది. వైద్యవిద్య ఎలా ఉన్నది, పరీక్షలు ఎలా జరుగుతున్నాయి అన్న విచారణకు అందులో దక్కిన చోటు స్వల్పం.

గుంటూరు వైద్యకళాశాలను చూస్తే విషయం తేటపడుతుంది. అది 1946లో మొదలైంది. అక్కడ చదివినవారికి మొదట ఆంధ్ర విశ్వవిద్యాలయం పట్టా ఇచ్చింది. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చిన తరువాత దాని పట్టా. ఆ పిమ్మట ఆరోగ్య విశ్వవిద్యాలయం పట్టా. ఆసుపత్రి అదే, మంచాలమీది రోగులు ఆ చుట్టుపక్కల పల్లెలవారే. పట్టామీది పేరు మారినందున ఒక్క వైద్యునికైనా నాడి చూడడం ఎక్కువగా వచ్చిందా, తక్కువగా వచ్చిందా? పేరు మార్పువల్ల విద్యార్థికి కలిగేది చిక్కు మాత్రమే. పట్టామీద ఒక పేరు, కార్యాలయంమీద మరొక పేరు ఉన్నప్పుడు రెండూ ఒకటేనని పరదేశంలో వివరించుకునే భారం అతనిమీదనే పడుతుంది.

పేరు తరువాతిది ర్యాంకు. 2016 నుండి కేంద్రప్రభుత్వం విద్యాసంస్థలకు జాతీయ ర్యాంకులు ప్రకటిస్తున్నది. మొత్తం వంద పాళ్లలో పది పాళ్లు ఆ సంస్థపై విద్యావేత్తలకూ, ఉద్యోగాలిచ్చేవారికీ ఉన్న అభిప్రాయానికి కేటాయించారు. అంటే ప్రతిష్ఠను నిర్ణయించే తూనికలో ప్రతిష్ఠ కూడా ఒక తూకపురాయి. తక్కిన లెక్కలలో అధికభాగం సంస్థలే స్వయంగా సమర్పించేవి. 1994లో ఏర్పడిన నాక్ సంస్థ ఇచ్చే గ్రేడు మరొకటి. 2025 ఫిబ్రవరిలో, గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకు మంచి గ్రేడు కోసం లంచం ఇచ్చి పుచ్చుకున్నారన్న ఆరోపణపై సి.బి.ఐ. నాక్ తనిఖీ బృందం సభ్యులతో సహా పలువురిని అరెస్టు చేసింది. ఆరోపణ ఆరోపణే, తీర్పు చెప్పవలసినది న్యాయస్థానం. అయినా గ్రేడు ఒక సాక్ష్యమనీ, సాక్షిని కూడా విచారించవలసి ఉంటుందనీ ఈ ఉదంతం గుర్తుచేసింది.

సాక్షిని విచారించే శాస్త్రం ముస్లిం పాఠకులకు అపరిచితం కాదు. మద్రసాలో చదువు ముగించినవారికిచ్చే పట్టాను సనద్ అంటారు; హదీసును ఒకరినుండి ఒకరికి అందించిన ఉల్లేఖకుల పరంపరనూ సనద్ అనే అంటారు. హదీసు విద్వాంసులు మాట ఎంత మధురంగా ఉన్నా ముందు అడిగినది ఇదే: చెప్పినదెవరు? స్వయంగా విన్నాడా? అతని జ్ఞాపకశక్తి, నడవడి ఎటువంటివి? హదీసు చెప్పినందుకు ప్రతిఫలం పుచ్చుకున్న వాని ఉల్లేఖనాన్ని కొందరు విద్వాంసులు స్వీకరించనే లేదు. ఒక కళాశాల ఘనతను రోడ్డుపక్క బోర్డుమీద ఆ కళాశాలే చాటుకున్నప్పుడు ఈ ప్రశ్నలు మరింత అవసరం.

పూర్వపు ఇజాజత్ పద్ధతిలో ప్రతిష్ఠకు ఆధారం వ్యక్తి. ఏ ఉస్తాదు, ఏ గ్రంథం అన్నదే అందులో ముఖ్యం. ఏ భవనంలో చదివాడన్నది కాదు. బగ్దాదులోని నిజామియా మద్రసా 1067లో ప్రారంభమైంది. ఇమాం గజాలీ 1091 నుండి 1095 వరకు అక్కడ బోధించి, ఆ పదవిని విడిచి వెళ్లిపోయారు. పదవి పోయినందున ఆయన విద్వత్తుకు లోటు రాలేదు. అలాగని ఆ పద్ధతి నిర్దుష్టమనడం న్యాయం కాదు. పాఠం వినని దూరస్థులకూ, చివరికి పసిపిల్లలకూ ఇజాజత్ ఇచ్చిన సందర్భాలున్నాయి. పేరుమోసిన మద్రసాతో ఏదో ఒక సంబంధం చెప్పుకొని చందాలు కూడగట్టే నేటి పద్ధతీ ఇటువంటిదే. పరులను విమర్శించే కొలబద్ద ఇంటిలో కూడా పనిచేయాలి.

ఈ చర్చ పండితులకు మాత్రమే పరిమితమైనది కాదు. 2007 చట్టంతో వెనుకబడిన ముస్లిం వర్గాలకు లభించిన నాలుగు శాతం రిజర్వేషన్ వలన విజయవాడ, మచిలీపట్నం, గుడివాడలలోని ఎన్నో కుటుంబాలనుండి తొలిసారిగా పిల్లలు వృత్తివిద్యా కళాశాలలకు వెళుతున్నారు. ఇంటిలో అంతకుముందు చదివినవారు లేరు. అడిగి తెలుసుకునే దిక్కు లేదు. మెకానిక్ షెడ్డులో పనిచేసే తండ్రికి కూతురిని ఏ కళాశాలలో చేర్చాలో చెప్పేది ఆ బోర్డే, ఆ ర్యాంకే. ఆ కబురు అబద్ధమైతే పోయేది ఫీజు మాత్రమే కాదు, ఆ పిల్ల నాలుగేళ్ల కాలం కూడా.

అటువంటి తండ్రికి చదువుకున్నవారు చేయగల సహాయం ఒకటున్నది. దరఖాస్తుకు ముందు ఆ కళాశాలకు తోడుగా వెళ్లి నాలుగు విషయాలు విచారించడం: ఈ పాఠం చెప్పేదెవరు? ఎన్నేళ్లుగా ఇక్కడ ఉన్నారు? ప్రయోగశాలలో పిల్లలు స్వయంగా పని చేస్తున్నారా? నిరుడు ముందువరుసలో నిలిచినవారి సంగతి సరే, వెనుకవరుసవారు ఏమయ్యారు? జవాబులను కార్యాలయంలో కాక, అక్కడ చదువుతున్న పిల్లలనుండి రాబట్టాలి. చూసినవాడు చెప్పిన మాట అదే. ప్రతిష్ఠకు సనద్ కూడా అదే.