పదిలో రెండు చెట్లు

“20 శాతమంటే ఏంది సారూ? నాకు పది తాటిచెట్లున్నయి. రెండు ఎక్కకుంటే సరిపోతదా?”

నల్గొండ వైపు నుంచి వచ్చిన గీత కార్మికుడు చాలా ఏళ్ల కిందట తన లాయరునైన నన్నడిగిన మాట ఇది. టీవీఎస్ మీద పోతుంటే వెనక నుంచి కారు గుద్దింది. కుడి మోకాలి దగ్గర ఎముక విరిగితే ప్లేటు, స్క్రూలు వేశారు. ఎముక అతికింది కానీ మోకాలు సగమే ముడుచుకునేది. డాక్టరు 20 శాతం వైకల్యమని రాసిచ్చాడు.

పరిహారం తేల్చే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో గాయానికి మొదటి సాక్షి కాగితమే. ఎఫ్‌ఐఆర్, మెడికో లీగల్ రిపోర్టు, వూండ్ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు. ఎముక విరిగితే అది తీవ్ర గాయమే, పేచీ లేదు. విరక్కపోతే క్రిమినల్ చట్టం నొప్పి ఎన్నాళ్లుందని అడుగుతుంది. పాత శిక్షాస్మృతిలో 20 రోజులు, 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 15. నొప్పికి రోజులు కట్టడం నాకెప్పుడూ వింతే.

అసలు పేచీ శాతం దగ్గర. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ఒంటి వైకల్యం వేరు, సంపాదన నష్టం వేరు. ఎడమ చెయ్యి పోతే వైకల్యం 60 శాతం కావచ్చు. డ్రైవరుకో వడ్రంగికో మాత్రం సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే. సర్కారు గుమాస్తాకి ఉద్యోగం నిలవొచ్చు. వైద్యం చెయ్యని డాక్టర్లు ఉదారంగా రాసిచ్చే సర్టిఫికెట్లను జాగ్రత్తగా చూడమని కూడా అదే తీర్పు హెచ్చరించింది. ఊరికే అనలేదు. అలాంటివి నా చేతుల మీదుగా కూడా పోయాయి.

ఆ తీర్పు నా బల్ల మీదే ఉంది. అయినా నేను ఆదాయాన్ని, వయసును బట్టి వచ్చే గుణకాన్ని, శాతాన్ని గుణించుకుంటూ కూర్చున్నాను, ఈయన చెట్ల లెక్క అడిగేదాకా.

వైద్యం చేసిన డాక్టర్ని బతిమాలి బోనెక్కించాం. ఇన్సూరెన్స్ లాయరు మూడే ప్రశ్నలు వేశాడు. ఎముక అతికిందా? అతికింది. కర్ర లేకుండా నడుస్తాడా? నడుస్తాడు. తన పనులు తను చేసుకోగలడా? చేసుకోగలడు. ఇక చాలన్నట్టు కూర్చున్నాడు.

నేను లేచి, తాటిచెట్టు ఎలా ఎక్కుతారో తెలుసా డాక్టరు గారూ అన్నాను. అవతలి లాయరు అడ్డుపడ్డాడు. అడగనివ్వండి అన్నారు జడ్జిగారు. డాక్టరు తెలీదన్నాడు. నాకు మాత్రం తెలుసా? మోకు ఇలా వేసుకుని, కాళ్లు ఇలా పెట్టి అంటూ చేతులు తిప్పుతున్నాను. వెనక బెంచీ మీంచి మా క్లయింటు లేచాడు.

“అట్ల కాదు సారూ.”

లేని చెట్టును వాటేసుకుని ఎడమకాలు ముడిచి చూపించాడు. కుడికాలు సగంలో ఆగింది. ఇంకాస్త ముడవబోయి బెంచీ పట్టుకున్నాడు.

ఈసారి ఎవరూ అడక్కుండానే డాక్టరు “ఎక్కలేడు” అన్నాడు. జడ్జిగారు స్టెనో వైపు తిరిగి, అది రాయమ్మా అన్నారు.